చీమ కుట్టినట్టయినా లేదా?

పోయిన సంచికలో టెక్సాస్ బంకమట్టి మీద కట్టిన ఇళ్ళ పునాదులకి ఎండాకాలంలో నీళ్ళు ఎందుకు పెట్టాలో ముచ్చటించుకున్నాం. "మొక్కలకి నీళ్ళు పోయడం విన్నాం గానీ, ఇంటికి నీళ్ళు పోయడమేమిటండీ" అని ఆశ్చర్యపోయినవాళ్ళు ఈపాటికి సోకర్ హోసులు కొనుక్కునే ఉంటారు. ఆ వ్యాసం చదివి న్యూజెర్సీ నుంచి ఒకావిడ, కాలిఫోర్నియా నుంచి ఇద్దరు మిత్రులు ఒకే ప్రశ్న అడిగారు: "పునాదుల సంగతి సరే, మా వంటింట్లో చీమల సంగతి చెప్పండి."

చెబుతాను. కానీ ముందే ఒక మాట. నేను పురుగుల డాక్టర్ని కాను, డాలస్ పక్కన ప్లేనోలో ఇల్లు కొనుక్కున్న మామూలు ఇంజనీర్ని. చీమల గురించి నాకు తెలిసిందంతా తప్పులు చేసి నేర్చుకున్నదే. అందులో ఒక తప్పు మా నాన్నగారి ప్రాణం మీదకి వచ్చింది. అది చివర్లో చెబుతాను.

మొదటి తప్పు: కనబడిన చీమనల్లా చంపడం

మన ఊళ్ళలో చీమలతో ఎవరికీ పెద్ద పేచీ ఉండేది కాదు. మీట్‌సేఫ్ కాళ్ళ కింద నీళ్ళ పళ్ళాలు పెట్టేవాళ్ళం. పంచదార డబ్బాని నీళ్ళ గిన్నెలో నిలబెట్టేవాళ్ళం. గడప దగ్గర పసుపు గీత గీసేవాళ్ళం. మరీ మితిమీరితే ఇంత గమాక్సిన్ పొడి చల్లేవాళ్ళం. నల్ల చీమలైతే లక్ష్మి అని ఊరుకునేవాళ్ళం, ఎర్ర చీమలైతే తిట్టుకునేవాళ్ళం. మనకి తెలిసిన చీమల శాస్త్రం అంతే.

ఇల్లు కొన్న కొత్తలో ఓ రోజు పొద్దున్నే కాఫీ పెట్టుకుందామని వెళితే, సున్నుండల డబ్బా చుట్టూ నల్లటి దారంలా చీమల బారు. సింకు వెనక గోడలోంచి బయలుదేరి, గ్రానైట్ అంచు మీదుగా, స్టవ్ పక్కనుంచి తిన్నగా డబ్బాలోకి. హోమ్ డిపోకి పరుగెత్తి స్ప్రే డబ్బా తెచ్చి యుద్ధం చేశాను. పది నిమిషాల్లో ఒక్క చీమ లేదు. "చూశావా" అన్నట్టు మా ఆవిడ వంక చూశాను. నాలుగు రోజులకి అదే బారు కిటికీ దగ్గర తేలింది. వారం తిరిగేసరికి బాత్‌రూమ్‌లో ఇంకో బారు. ఒక చోట ఉన్న చీమల్ని నేనే శ్రమపడి మూడు చోట్లకి పంపించాను.

ఎందుకలా అయిందో తర్వాత తెలిసింది. మనకి కనబడే చీమలు ఆ పుట్టలో కొద్ది భాగమే. మిగతావి లోపల రాణినీ పిల్లల్నీ చూసుకుంటూ ఉంటాయి. తిండి వెతకడానికి ముందు ఒకటి రెండు చీమలు బయలుదేరతాయి. వాటికి సున్నుండ దొరికితే తిరిగి వెళ్ళేటప్పుడు దారి పొడుగునా ఒక వాసన గీత గీసుకుంటూ వెళతాయి. ఆ గీత పట్టుకుని మిగతావి వస్తాయి, వచ్చిన ప్రతి చీమా ఆ గీతని ఇంకాస్త దిద్దుతుంది. మనం స్ప్రే కొట్టి బారుని చంపితే పుట్టకి పోయింది కొందరు కూలీలే. రాణి రేపు మళ్ళీ గుడ్లు పెడుతుంది. పైగా కొన్ని జాతుల్లో ఒకే కుటుంబానికి అనేకమంది రాణులుంటారు. ఫారో చీమ అని లేత పసుపు రంగులో రెండు మిల్లీమీటర్లుండే చీమ ఉంది. దాని మీద స్ప్రే కొడితే కుటుంబం ముక్కలై తలో రాణినీ వెంటబెట్టుకుని తలో గోడలో కాపురం పెడుతుంది. అపార్ట్‌మెంట్లలోనూ ఆసుపత్రుల్లోనూ దీని బెడద ఎక్కువ. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళు ఈ చీమ కనబడితే స్ప్రే జోలికి పోకుండా మేనేజర్‌కి చెప్పండి. ఒక్క ఇంట్లో మందు పెడితే పక్కింటికి పోతాయి తప్ప ఊరుకోవు.

ముందు ఎవరో తెలుసుకోండి

ఏ చీమో తెలియకుండా మందు కొనడం, జబ్బు తెలియకుండా మాత్ర మింగడం లాంటిది. అమెరికాలో మన ఇళ్ళలోకి వచ్చేవి ముఖ్యంగా ఇవి.

ముదురు గోధుమరంగులో, మూడు మిల్లీమీటర్ల లోపు ఉండి, వేళ్ళతో నలిపితే కుళ్ళిన కొబ్బరి వాసన వచ్చేది వాసన చీమ. దేశమంతటా ఉంది. మా సున్నుండల డబ్బా మీద దాడి చేసింది ఇదే. ఇది ఏ వాసనో అమెరికన్లు చాలా ఏళ్ళు వాదించుకున్నారట. 2015లో పరిశోధకులు తేల్చింది ఏమిటంటే, ఈ చీమ వాసనలోనూ, బ్లూ చీజ్‌లోనూ, కుళ్ళిన కొబ్బరిలోనూ ఉన్నది ఒకే కుటుంబానికి చెందిన రసాయనాలని. కొబ్బరికాయ కొడితే కుళ్ళింది రావడం ఎరిగిన మనకి పరిశోధన అక్కర్లేదు, ముక్కు చాలు.

గరాజ్ సిమెంటు పగుళ్ళ దగ్గర, డ్రైవ్‌వే అంచున సన్నటి మట్టి కుప్పలు పెట్టేది పేవ్‌మెంట్ చీమ. యూరప్ నుంచి వలస వచ్చింది. కాలిఫోర్నియా మిత్రుల ఇళ్ళలో, ముఖ్యంగా వాన పడ్డప్పుడూ మరీ ఎండలు కాసినప్పుడూ, వందలు వేలుగా వచ్చేవి చాలా వరకు అర్జెంటీనా చీమలు. ఇవి ఈ దేశంలో మొదట 1891లో న్యూ ఆర్లియన్స్‌లో కనిపించాయి. శాన్ డియేగో నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాటేదాకా వీటిది ఒకే ఉమ్మడి కుటుంబం. ఈ పుట్ట చీమని తీసుకెళ్ళి వందల మైళ్ళ అవతలి పుట్టలో వదిలినా కొట్టుకోవు. మన సంఘాలు నేర్చుకోవలసింది ఏమైనా ఉందేమో మీరే ఆలోచించండి.

ఇక న్యూజెర్సీ సోదరి రాసిన పెద్ద నల్ల చీమలు, మన గండు చీమల్లాంటివి, అర అంగుళం దాకా ఉండేవి వడ్రంగి చీమలు. వీటిని తేలిగ్గా తీసుకోకండి. ఇవి చెదపురుగుల్లా చెక్కని తినవు, కానీ తొలిచి అందులో కాపురం పెడతాయి. రాత్రిపూట తిరుగుతాయి. కిటికీ కిందా గోడ వారా రంపపు పొట్టు లాంటిది, అందులో పురుగుల కాళ్ళూ రెక్కలూ కలిసి కనిపిస్తే వీటి పనే. తడిసిన చెక్కంటే వీటికి ప్రాణం. అంటే చీమ కనిపించిందంటే ఎక్కడో నీళ్ళు కారుతున్నాయన్నమాట: పైకప్పో, కిటికీ అంచో, డిష్‌వాషర్ వెనకో. ముందు ఆ లీకు బాగుచేయించండి. తర్వాత లైసెన్సు ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్ళని పిలిచి గూడు ఎక్కడుందో వెతికించండి. గూడు దొరక్కుండా పైపైన మందు కొట్టడం దండగ.

వసంతంలో ఇంట్లో రెక్కల పురుగులు కనబడితే చాలామంది గాభరాపడతారు. ఉసుళ్ళా, చీమలా? చీమకి నడుము సన్నగా ఉంటుంది, మీసాలు మోచెయ్యిలా వంగి ఉంటాయి, ముందు రెక్కలు పెద్దవి, వెనకవి చిన్నవి. ఉసుళ్ళకి నడుమే ఉండదు, మీసాలు తిన్నగా ఉంటాయి, నాలుగు రెక్కలూ ఒకే పొడుగు. ఉసుళ్ళయితే ఆ వారమే తనిఖీకి పిలవండి.

సూట్‌కేసులో వచ్చే సుద్ద ముక్క

ఇది రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది. స్ప్రేలతో విసిగిపోయాక, ఇండియా నుంచి వస్తున్న మిత్రుడి చేత చీమలకి గీత గీసే సుద్ద ముక్కలు తెప్పించాను. వంటింటి చుట్టూ గీతలు గీశాను. అప్పుడు మా అమ్మాయి పాకే వయసులో ఉంది. ఓ సాయంత్రం చూస్తే దాని చేతిలో ముక్క, పెదాల మీద తెల్లటి పొడి. మనం పలక బలపాలు కొరికిన జాతి కదా, అదీ కొరికింది.

పాయిజన్ కంట్రోల్ వాళ్ళకి ఫోన్ చేశాం. ఆ నంబరు 1-800-222-1222. దేశంలో ఎక్కడినుంచైనా, ఏ వేళప్పుడైనా, ఉచితం. ఫ్రిజ్ మీద అంటించుకోండి. ఫోన్‌లో ఆవిడ ఎంతో శాంతంగా నోరు కడగమని, ఏమేం గమనించాలో చెప్పి, రెండు గంటలకి తనే తిరిగి ఫోన్ చేసింది. ఏమీ కాలేదు. కానీ ఆవిడ అడిగిన మొదటి ప్రశ్నకి మా దగ్గర జవాబు లేదు: "ఆ సుద్దలో ఏ మందు ఎంత శాతం ఉంది?" పెట్టె ఎప్పుడో పారేశాం.

ఆ రకం సుద్దలు ఈ దేశంలో అమ్మడం చట్టవిరుద్ధం. వాటి గురించి పర్యావరణ సంస్థ ఈపీఏ ప్రత్యేకంగా హెచ్చరిస్తుంది, కారణం కూడా అదే: పిల్లలు మామూలు చాక్‌పీసు అనుకుంటారని. సాధారణంగా వాటిలో ఉండేవి డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ లాంటి మందులు. ఇక్కడ కొనే ఏ పురుగుమందు మీదైనా ఈపీఏ రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడండి. లేబుల్ మీద రాసినదానికి భిన్నంగా వాడడం కూడా ఈ దేశంలో చట్టాన్ని ఉల్లంఘించడమే. ఊరి నుంచి ఆవకాయ తెచ్చుకుందాం, అప్పడాలు తెచ్చుకుందాం. పురుగుమందులు మాత్రం వద్దు.

విందు పెట్టి సాగనంపడం

మరి ఏం చేయాలి? చంపడం కాదు, తినిపించాలి. పెద్ద చీమలు గట్టి పదార్థం మింగలేవు, ద్రవమే తాగుతాయి. తాగినదాన్ని పుట్టకి మోసుకెళ్ళి నోటినుంచి నోటికి పంచుతాయి. తోటి కూలీలకీ, పిల్లలకీ, ఆఖరికి రాణికీ. కాబట్టి మందు నెమ్మదిగా పనిచేసేదై ఉండాలి. వెంటనే చంపితే కబురు ఇంటికి చేరదు.

దీనికి పాత నమ్మకస్తురాలు బోరాక్స్, లేకపోతే బోరిక్ యాసిడ్. క్యారమ్ బోర్డు మీద మనం చల్లుకున్న తెల్ల పొడి ఇదే. దుకాణాల్లో టెర్రో పేరుతో దొరికే ద్రవపు ఎరలో ఉన్నది 5.4 శాతం బోరాక్స్, మిగతా అంతా తీపి. కాలిఫోర్నియా అర్జెంటీనా చీమల్లాంటి పెద్ద సైన్యాలకి ఇంకా పల్చగా, పంచదార నీళ్ళలో అర నుంచి ఒక శాతం బోరిక్ యాసిడ్ కలిపి బయట మూత ఉన్న పెట్టెల్లో పెడితే, అవి ఎక్కువ రోజులు తాగుతాయి. ఘాటు ఎక్కువైతే మధ్యలోనే చస్తాయి. మందు ఎక్కువ వేస్తే ఎక్కువ పనిచేస్తుందనే మన నమ్మకం ఇక్కడ చెల్లదు.

ఎర పెట్టే పద్ధతి ఇది. బారు పక్కనే పెట్టండి. దాని దరిదాపుల్లో స్ప్రే కొట్టకండి. ఆ రెండు మూడు రోజులూ బారుని తుడవకండి. మొదటి రోజు చీమలు పదింతలవుతాయి, మా ఆవిడ "ఇదేం వైద్యం" అని నిలదీసింది. అదే కావలసింది. ఎర అయిపోతే మళ్ళీ నింపండి. వారం, రెండు వారాలు ఓపిక పట్టండి. తీపి ముట్టకపోతే, అట్టముక్క మీద ఒక చుక్క తేనె, ఒక చుక్క పీనట్ బటర్ పెట్టి దేనికి ఎగబడతాయో చూడండి. పిల్లల్ని పెంచే రోజుల్లో వాటికి నూనె, మాంసకృత్తులు కావాలి, అప్పుడు ఆ రకం ఎర కొనండి. బోరిక్ యాసిడ్ కూడా పిల్లలకీ కుక్కలకీ మంచిది కాదు, కాబట్టి అందని చోట, మూసి ఉన్న పెట్టెలోనే పెట్టండి.

బారు ఆగాక, సబ్బు నీళ్ళతో తుడిచి ఆ వాసన గీత చెరిపేయండి. అప్పుడు ఇంటి బయట ఒక ప్రదక్షిణం చేయండి. ఏసీ గొట్టాలు గోడలోకి దూరే చోట, కుళాయి చుట్టూ, కిటికీ అంచుల్లో సందులుంటే కాక్ పెట్టి మూయండి. ఇటుక గోడ అడుగున వరసగా ఉండే చిన్న ఖాళీలు మాత్రం మూయకండి, అవి గోడలో తేమ పోవడానికి పెట్టినవి. గోడకి ఆనుకున్న మల్చ్‌ని ఆరంగుళాలు వెనక్కి లాగండి. కప్పుని తాకే కొమ్మలు కొట్టించండి, చీమలకి అవి వంతెనలు.

ఇక మన ఇళ్ళకే ప్రత్యేకమైన దారి ఒకటుంది. చలికాలం రాగానే కరివేపాకు, మల్లె, తులసి కుండీలన్నీ బయటినుంచి లోపలికి చేరుస్తాం. ఒక డిసెంబర్‌లో మా ఇంట్లో చీమలు ఎక్కడినుంచి వస్తున్నాయో నెల రోజులు అంతుపట్టలేదు. ఆఖరికి చూస్తే, మేమే ఎత్తి, జాగ్రత్తగా మోసుకొచ్చి, డ్రాయింగ్ రూమ్ కిటికీ దగ్గర పెట్టిన కరివేపాకు కుండీలో పుట్ట! లోపల పెట్టేముందు కుండీ అడుగు చూడండి. ఆకుల కింద పేనుబంక ఉంటే సబ్బు నీళ్ళతో కడగండి. ఆ పురుగులు కార్చే తీపి కోసం చీమలు వాటిని ఆవుల్లా కాస్తాయి. పేనుబంక పోతే చీమల రాకపోకలు వాటంతటవే తగ్గుతాయి.

నాన్నగారి కాలు

ఇంట్లో చీమలు చిరాకు పెడతాయి, అంతే. దక్షిణాది రాష్ట్రాల్లో పెరట్లో ఉండే చీమ వేరు. నిప్పు చీమ. మన కొరివి చీమకి దగ్గర బంధువు.

ఇది ఈ దేశపుది కాదు. దక్షిణ అమెరికా నుంచి ఓడల్లో సరుకుతోపాటు 1930లలో అలబామాలోని మొబీల్ రేవులో దిగింది. 1942లో ఆ ఊళ్ళోనే పదమూడేళ్ళ కుర్రాడొకడు ఖాళీ స్థలంలో దీని పుట్టని గుర్తించి రాసుకున్నాడు. ఆ కుర్రాడే తర్వాత హార్వర్డ్ ప్రొఫెసరై, చీమల మీద రాసిన పుస్తకానికి 1991లో పులిట్జర్ బహుమతి అందుకున్న ఇ.ఓ. విల్సన్. 1957లో ప్రభుత్వం విమానాలతో డీల్డ్రిన్, హెప్టాక్లోర్ చల్లించింది. పిట్టలూ చేపలూ పెంపుడు జంతువులూ చచ్చాయి, చీమలు మిగిలాయి. రేచల్ కార్సన్ 1962 నాటి "సైలెంట్ స్ప్రింగ్" పుస్తకంలో దీన్ని ఎండగట్టింది. తర్వాత మైరెక్స్ అనే ఇంకో మందు చల్లారు. 1970ల చివర్లో దాన్నీ ఆపేశారు. చీమ మాత్రం వర్జీనియా నుంచి టెక్సాస్ దాకా, కాలిఫోర్నియాలో కొన్ని చోట్లా స్థిరపడింది. 2017లో హార్వీ తుఫానుకి హ్యూస్టన్ మునిగినప్పుడు ఒకదాన్నొకటి పట్టుకుని తెప్పల్లా తేలుతూ వచ్చిన చీమలు ఇవే.

మా అమ్మా నాన్నగారూ రెండోసారి వచ్చినప్పటి మాట. వాన కురిసిన మర్నాడు పెరట్లో కంచె దగ్గర కొత్త పుట్ట లేచింది. చూశాను. "శనివారం మందు వేద్దాం" అనుకున్నాను. అది బుధవారం.

నాన్నగారికి పొద్దున్నే చెప్పులు లేకుండా గడ్డిలో నిలబడి సూర్యుడికి అర్ఘ్యం ఇవ్వడం అలవాటు. శుక్రవారం పొద్దున కళ్ళు మూసుకుని ఆ పుట్ట అంచున నిలబడ్డారు. పుట్ట పైన కన్నమేదీ ఉండదు, మెత్తటి మట్టి కుప్పలా ఉంటుంది. చీమలు కాలు మీదకి పాకేదాకా తెలియదు. ఈ చీమ దవడలతో పట్టుకుని, అక్కడే తిరుగుతూ ఒకటే పనిగా పొడుస్తుంది. లోపలికొచ్చి కాళ్ళు కడుక్కుని కాఫీకి కూర్చున్నారు. ఎవరికీ చెప్పలేదు. తర్వాత అడిగితే, "చీమ కుడితే కూడా చెప్పుకోవాలట్రా" అన్నారు. క్రితంసారి వచ్చినప్పుడు కూడా కుట్టాయట. అప్పుడూ చెప్పలేదు.

పది నిమిషాలకి అరచేతులు దురద అన్నారు. మెడ మీదా పొట్ట మీదా దద్దుర్లు లేచాయి. "మామయ్యగారూ, మీ పెదాలు వాచాయేమిటి?" అని మా ఆవిడ కంగారుపడేసరికి ఆయన గొంతు మారిపోయింది. కళ్ళు తిరుగుతున్నాయన్నారు. నేను పసుపు కోసమో, ఐస్ కోసమో ఫ్రిజ్ తలుపు తెరిచి నిలబడ్డాను, నిజంగా గుర్తులేదు. అప్పటికి హైస్కూల్లో ఉన్న మా అమ్మాయి, ఒకప్పుడు సుద్ద కొరికిన ఆ పిల్లే, 911కి ఫోన్ చేసింది. అంబులెన్స్ వాళ్ళు వచ్చి తొడలో ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. కొన్ని నిమిషాల్లో ఊపిరి తేలికైంది. ఆసుపత్రిలో గంటల తరబడి గమనించి పంపించారు. ఇంకో పావుగంట ఆలస్యమై ఉంటే ఏమయ్యేదని నేను డాక్టర్ని అడగలేదు. అడిగే ధైర్యం లేదు.

అందరికీ ఇలా కాదు. చాలామందికి మంట, మర్నాటికి చిన్న తెల్లటి చీముపొక్కు, వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. పొక్కుని గిల్లకండి, సబ్బుతో కడిగి చల్లటి గుడ్డ పెట్టండి. కానీ కుట్టిన చోట కాకుండా ఒళ్ళంతా దద్దుర్లు, పెదాలూ నాలుకా వాపు, ఆయాసం, వాంతులు, కళ్ళు తిరగడం, వీటిలో ఏది కనబడినా పసుపూ వద్దు, ఇంటర్నెట్టూ వద్దు, 911. ఒకసారి ఇలా అయినవాళ్ళు ఎలర్జీ డాక్టర్‌ని కలవాలి. ఎపినెఫ్రిన్ పెన్ను వెంట ఉంచుకోవాలి. దీనికి ఎలర్జీ ఇంజెక్షన్ల కోర్సు కూడా ఉంది. తల్లిదండ్రుల్ని పిలిపించేవాళ్ళు విజిటర్ ఇన్సూరెన్స్‌లో ఎమర్జెన్సీకి ఎంతవరకు ఇస్తారో, వాళ్ళు విమానం ఎక్కకముందే చదవండి. చెప్పులు బయట వదలడం మన అలవాటు కదా, గడప దగ్గర పెరటి కోసం వేరే జత పెట్టండి.

రెండు మెట్ల వైద్యం

నిప్పు చీమలకి టెక్సాస్ ఏ అండ్ ఎమ్ విశ్వవిద్యాలయం వాళ్ళు చెప్పేది రెండు మెట్ల పద్ధతి. మొదటిది, పెరడంతా ఎర చల్లడం. సోయా నూనెలో తడిపిన మొక్కజొన్న నూకలో హైడ్రామెథిల్నాన్, ఇండోక్సాకార్బ్, స్పైనోసాడ్, మెథోప్రిన్ లాంటి మందు కలిపి అమ్ముతారు. లేబుల్ మీద చెప్పిన కొలత ప్రకారం చేతి స్ప్రెడర్‌తో చల్లాలి. రెండోది, కొద్దిరోజులాగి, మనుషులు తిరిగే చోట ఇంకా మిగిలిన పుట్టలకి విడిగా మందు వేయడం.

ఎర చల్లడానికి వేళ ముఖ్యం. నేల 70 నుంచి 95 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉన్నప్పుడు చీమలు తిండికి తిరుగుతాయి. ఒక ఆలూ చిప్ గడ్డిలో పెట్టి అరగంట చూడండి. ఎక్కితే చల్లవచ్చు. మా జులై ఎండల్లో అయితే సాయంత్రమే. గడ్డి పొడిగా ఉండాలి, ఆ మర్నాటిదాకా స్ప్రింక్లర్ ఆపాలి. పాత డబ్బాలో నూనె మక్కిపోతే చీమలు ముట్టవు. ఏడాదికి రెండుసార్లు, వసంతంలోనూ ఆకురాలే కాలంలోనూ చల్లితే చాలు.

చేయకూడనివి: పెట్రోలు పోయడం ప్రమాదం, నేల పాడు. మరిగే నీళ్ళు కొంతవరకు పనిచేస్తాయి గానీ గడ్డి చస్తుంది, కాళ్ళు కాలతాయి. రవ్వ తింటే కడుపులో ఉబ్బి పగిలి చస్తాయని ఇక్కడివాళ్ళు గ్రిట్స్ చల్లుతారు, మా మిత్రుడొకాయన బొంబాయి రవ్వ చల్లాడు. ఇందాక చెప్పాను కదా, పెద్ద చీమలు గట్టి తిండి మింగలేవు. ఆయన పుట్టకి ఉప్మా పెట్టాడు, అంతే. ఇంకో సంగతి: నిప్పు చీమలున్న కౌంటీల నుంచి బయట మట్టిలో పెంచిన మొక్కల్ని వేరే ప్రాంతాలకి తీసుకెళ్ళడం మీద 1958 నుంచీ ఫెడరల్ ఆంక్షలున్నాయి. డాలస్ నుంచి కారులో కొలరాడో చెల్లెలికి కరివేపాకు కుండీ పట్టుకెళ్ళేముందు అది గుర్తుంచుకోండి. ప్రేమతోపాటు పుట్టని కూడా ఇచ్చినవాళ్ళమవుతాం.

అమ్మ మాట

నాన్నగారు ఇంటికొచ్చిన శనివారం నేను కసిగా పెరడంతా మందు చల్లబోతుంటే అమ్మ అడ్డం వచ్చింది. మా అమ్మ రోజూ వాకిట్లో బియ్యప్పిండితో ముగ్గు వేస్తుంది, చీమలకి ఇంత నోటికందుతుందని. "అన్నం పెట్టినట్టే పెట్టి విషం పెడతావట్రా? అవి తమ పిల్లలకి పట్టుకెళతాయి కదా" అంది. ఎర పనిచేసే పద్ధతి నేను పది పేజీలు చదివి తెలుసుకున్నది, ఆవిడ ఒక్క ముక్కలో చెప్పింది. నా దగ్గర సమాధానం లేదు. "నాన్నగారిని చూశావు కదమ్మా" అన్నాను. ఆవిడ దగ్గరా దానికి సమాధానం లేదు.

ఆఖరికి ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. తీరా చూస్తే విశ్వవిద్యాలయం వాళ్ళు చెప్పేదీ దాదాపు అదే. పెరట్లో నిప్పు చీమల పుట్టలు ఒకటి రెండే ఉండి, మిగతావి స్థానిక చీమలైతే, అంతటా చల్లకూడదు. ఆ పుట్టలకే విడిగా మందు వేయాలి. ఎందుకంటే స్థానిక చీమలే కొత్త నిప్పు చీమల రాణులు పాతుకుపోకుండా అడ్డుకుంటాయి. వాటినీ చంపితే ఖాళీ అయిన చోటుని మళ్ళీ నిప్పు చీమలే ఆక్రమిస్తాయి. కాబట్టి కంచె దగ్గర పుట్టలకి నా మందు, వాకిట్లో చీమలకి అమ్మ ముగ్గు.

నాన్నగారు ఇప్పుడు తెనాలిలో ఉన్నారు. అక్కడా రబ్బరు చెప్పులేసుకునే అర్ఘ్యం ఇస్తున్నారట. "సూర్యుడేమీ అనుకోడులే" అన్నారు ఫోన్‌లో. నేనిప్పుడు పుట్ట కనబడితే శనివారం దాకా ఆగను.

వచ్చే సంచికలో చలికాలానికి ముందు నీళ్ళ గొట్టాలు ఎలా కాపాడుకోవాలో చూద్దాం. అంతవరకు సెలవు. ఈ వారాంతంలో ఒక్క పావుగంట మీ పెరట్లో నడిచి రండి. చెప్పులు మరిచిపోకండి.